ఇంగ్లీషులోనే చెప్పమన్నాను

మార్కాపురంలో పలకరాయి ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను ఆఫీసు పని చూస్తాను. బిల్లులు రాయడం, లారీ వాళ్లకు ఫోన్లు చేయడం, ఏ సైజు రాయి ఎన్ని పెట్టెలు పోయిందో సరిచూసుకోవడం. ఈ పనికి ఇన్నేళ్లూ తెలుగు సరిపోయింది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం. గడప దాటితే తెలుగు. ఇంకో భాష అక్కర పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తర్వాత బయటి దేశాల్లో రాయి కొనేవాళ్లు మధ్యవర్తుల్ని వదిలేసి నేరుగా వీడియో కాల్ చేయడం మొదలుపెట్టినారు. ఒకరోజు మా ఓనరు నన్ను పిలిచి, ఇంకో ఆర్నెల్లకు ఆ కాల్స్ నేనే మాట్లాడగలిగితే మంచిదనీ, లేకపోతే ఇంగ్లీషు వచ్చిన మనిషిని పెట్టుకోవాల్సి వస్తదనీ చెప్పినాడు. కోపంగా చెప్పలేదు. టీ తాగుతూ మామూలుగా చెప్పినాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

మా బజారులో సెల్‌ఫోన్ల దుకాణం పైన మేడ మీద శని, ఆదివారాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు జరిగేది. గిద్దలూరు నుంచి ఒక సార్ రైల్లో వచ్చి చెప్పేవాడు. నలభై దాటిన మనిషి, నిదానస్తుడు. గ్రామరు పుస్తకం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముందు నోరు తిరగాలి అనేవాడు. వంట చేసేటప్పుడు చేసే పనిని పైకి ఇంగ్లీషులో చెప్పుకోండి. రోజూ పేపరు ఒక పేరా గట్టిగా చదవండి. మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకుని మరుసటి రోజు వినండి, మీ తప్పు మీకే తెలుస్తది. కొత్త మాట ఒకటి దొరికితే దాన్ని ఆ రోజే ఎక్కడో ఒకచోట వాడేయండి. ఇట్లాంటివి చాలా చెప్పినాడు. అన్నిటికంటే ముఖ్యం తోడు అన్నాడు. ఇద్దరిద్దరు జత కట్టి, రోజూ ఒక అరగంట ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి. ఎక్కడన్నా మాట తట్టక ఆగిపోతే తెలుగులో అడిగి తెలుసుకుని, మళ్లీ ఇంగ్లీషులోకి రావాలి.

ఈ చివరి మాట ఆయన చెప్పినాడు. నాకు బాగా గుర్తుంది. తర్వాత జరిగినదాన్ని ఆయన మీదికి నెట్టడానికి నాకు దారి లేదు.

నేను అన్నీ చేసినాను. కందిపప్పు కడుగుతూ కడుగుతున్నానని చెప్పుకున్నాను, చపాతీ కాలుస్తూ కాలుస్తున్నానని చెప్పుకున్నాను. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మా ఆయన దుకాణం మూసుకుని వచ్చి, వంటింటి గడపలో నిలబడి, ఎవరితో మాట్లాడుతున్నావని రెండుమూడు సార్లు అడిగినాడు. తర్వాత అడగడం మానేసినాడు.

నాకు జతగా వచ్చిన అమ్మాయి దొనకొండ దగ్గర పల్లె నుంచి రైల్లో వచ్చేది. నాకంటే పదేళ్లు చిన్న. బీకాం చదివింది. పెళ్లయి మూడేళ్లు. మొగుడు సొంత పొలం చేసుకుంటాడు, కంది, మిరప. దొనకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు పనికి పోతే, నీ గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగినారంట. పేరు చెప్పి ఆగిపోయిందంట. ఇంటికి వచ్చి మొగుడికి చెప్పి ఏడిస్తే, ఫీజు కట్టి క్లాసులో చేర్పించింది ఆయనే. మొదటిరోజే నన్ను అక్కా అన్నది. నేను చెల్లీ అన్నాను. ఇంగ్లీషులో ఎంత మాట్లాడుకున్నా ఆ రెండు మాటలు మాత్రం మారలేదు.

సాయంత్రం నాలుగింటికి మా ఆఫీసుకు టీ వస్తది. ఆ టైముకు ఆమె ఫోన్ చేసేది. నేను టీ గ్లాసు పట్టుకుని గోడౌను వైపు పోయి, రాళ్ల పెట్టెల మధ్య నిలబడి మాట్లాడేదాన్ని. మొదట్లో ఇద్దరికీ అరగంట గడవడం కష్టంగా ఉండేది. ఏం తిన్నావు, ఏం వండినావు, మీ ఊర్లో వాన పడిందా. పడలేదు. మా ఊర్లో కూడా పడలేదు. మళ్లీ ఏం వండినావు. ఇట్ల నడిచేది. ఆమె తెలుగులోకి తొందరగా జారిపోయేది. ముఖ్యంగా అత్త గురించి, బోరు ఎండిపోవడం గురించి చెప్పాల్సి వస్తే ఇంగ్లీషు ఆమెకు చాలేది కాదు.

నాకు గడువు దగ్గర పడుతోంది. ఆమెతో తెలుగులో మాట్లాడిన ప్రతి నిమిషం నా అరగంటలోంచి పోతోందనిపించేది. అందుకని సార్ పెట్టిన పద్ధతిని నేను గట్టిపరిచినాను. తెలుగులో ఏమన్నా చెబితే నేను పలకను, వినపడనట్టే ఉంటాను, ఇంగ్లీషులోకి వచ్చేదాకా ఆగుతాను అని చెప్పినాను. ఆమె సరే అన్నది. నేను పెద్దదాన్ని కాబట్టి సరే అన్నదేమో.

ఆ పద్ధతి పని చేసింది. రెండు నెలల్లో ఇద్దరి నోళ్లూ తిరిగినాయి. ఒకసారి ఆమె చిల్లర కోసం రైల్వే క్లర్కుతో గొడవ పడిన సంగతి మొదట్నుంచి చివరిదాకా ఇంగ్లీషులో చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకోరోజు, "అక్కా, ఐ యామ్ క్యారీయింగ్," అన్నది. కడుపుతో ఉన్నానని. మొగుడికీ అత్తకూ తప్ప ఇంకా ఎవరికీ చెప్పలేదంట. ఇంగ్లీషులో చెప్పిన మొదటి పెద్ద మాట ఇదేనక్కా అన్నది. నేను సంతోషపడినాను. ఆ వెంటనే, అట్ల అనరు, ఎక్స్‌పెక్టింగ్ అంటారు అని దిద్దినాను. ఆమె బుద్ధిగా ఆ మాట మళ్లీ చెప్పింది. మార్కాపురంలో నాకు తెలిసిన లేడీ డాక్టరు ఉందనీ, నీకు ఎప్పుడు ఏ తేడా అనిపించినా ముందు నాకు ఫోన్ చేయమనీ నేనే చెప్పినాను.

ఆ తర్వాత రెండు నెలలకు, ఎండలు ముదిరినాక, ఒకరోజు నాలుగింటికంటే ముందే ఫోన్ వచ్చింది.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలక్కా," అన్నది. గొంతు సన్నగా ఉంది.

"ఇన్ ఇంగ్లీష్," అన్నాను నవ్వుతూ.

"కాదక్కా, ఇది..."

ఇంగ్లీషులోనే చెప్పు, ఎంతసేపైనా ఆగుతాను అన్నాను. ఆ మాట కూడా ఇంగ్లీషులోనే అన్నాను. వాళ్ల ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న శబ్దం మాత్రం వినిపించింది. నిజంగానే ఆగినాను. ఓపిక ఉన్న టీచరులాగా ఆగినాను.

"అక్కా, ఫ్రమ్ మార్నింగ్..." అన్నది.

"సిన్స్ మార్నింగ్," అని దిద్దినాను.

"సిన్స్ మార్నింగ్..." అని ఆగింది. మళ్లీ అదే మాట అని మళ్లీ ఆగింది. కొంచెం సేపటికి, "సిన్స్ మార్నింగ్ ఇట్ ఈజ్ వెరీ హాట్," అన్నది.

పొద్దున్నుంచి ఎండ మండిపోతోందని. తర్వాత వంకాయ కూర వండినానని చెప్పింది. మొగుడు మిరపకాయల లారీతో గుంటూరు పోయినాడని చెప్పింది. అత్త పెళ్లికి పోయిందని చెప్పింది. ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది. ఒక్కొక్క వాక్యం మెల్లగా, సరిగ్గా చెప్పింది.

"వెరీ గుడ్. ఈరోజు ఒక్క తప్పు కూడా లేదు," అన్నాను.

థాంక్యూ అక్కా అని ఫోన్ పెట్టేసింది. అరగంట కాలేదు. నేను టీ తాగి లోపలికి పోయి బిల్లులు రాసుకున్నాను.

మరుసటి రోజు ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. శనివారం క్లాసుకు రాలేదు. నాకు కోపం వచ్చింది. నా ఉద్యోగం పోయేలా ఉంటే ఈ పిల్లకు ఆటగా ఉందనుకున్నాను. ఆదివారం సాయంత్రం వాయిస్ మెసేజ్ పెట్టినాను, ఇంగ్లీషులోనే. నీకు శ్రద్ధ లేకపోతే ముందే చెప్పాల, నా టైము పాడు చేయొద్దు, నేను ఇంకొకరిని చూసుకుంటాను అని. పంపే ముందు ఒకసారి విని, ఒక మాట సరిగ్గా పలకలేదని చెరిపేసి మళ్లీ రికార్డు చేసినాను. రెండోసారి బాగా వచ్చింది.

తర్వాతి శనివారం, ఆమెతో పాటు రైల్లో వచ్చే ఒకామె క్లాసులో నా పక్కన కూర్చుని చెప్పింది. కడుపు పోయిందంట. దర్శిలో ఆస్పత్రిలో ఉండి, ఇప్పుడు దర్శి దగ్గరే పుట్టింటికి పోయిందంట. ఏ రోజు అని అడిగినాను. చెప్పింది. పొద్దున్నుంచే నడుం నొప్పి, తర్వాత రక్తం కనపడిందంట. చీకటి పడే వేళకు మొగుడు వచ్చేదాకా ఇంట్లో ఒక్కతే ఉందంట. పక్కింట్లో కూడా ఎవరూ లేరంట, అందరూ ఆ పెళ్లికే పోయినారంట.

సార్ బోర్డు మీద ఏదో రాస్తున్నాడు. నాకు కనపడలేదు. మెట్లు దిగి కిందికి వచ్చి దుకాణం ముందు నిలబడినాను. ఫ్రమ్ మార్నింగ్ అన్నది. పొద్దున్నుంచి అన్నది. ఆ మాట తర్వాత ఏం రావాలో ఆమెకు ఇంగ్లీషులో తెలియదు. నాకు మటుకు తెలుసా? ఆ మాటలు నాకూ ఇంగ్లీషులో తెలియవు. తెలియని మాటల కోసం ఆమెను నిలబెట్టినాను.

నా నోట్లో మూడు భాషలు తిరుగుతాయి. మా అమ్మి, నన్ను కన్నతల్లి, పోయినప్పుడు నేను ఏ భాషలో ఏడ్చినానో నాకు తెలుసు. ఇవన్నీ తెలిసినదాన్నే ఆ పిల్లతో అట్ల చేసినాను.

మరుసటి రోజు పొదిలి మీదుగా దర్శికి బస్సులో పోయినాను. అక్కడ బత్తాయిలు కొని, ఆటో మాట్లాడుకుని ఆమె పుట్టింటి ఊరికి పోయినాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయినాను. ఇల్లు కనుక్కునేసరికి వాకిట్లో ఆమె మొగుడు ఉన్నాడు. అంతకుముందు నేనాయన్ను చూడలేదు. ఎండకు నల్లబడిన సన్నపాటి మనిషి. నేనెవరో చెప్పగానే లేచి నిలబడినాడు. కుర్చీ తెచ్చి, తువ్వాలతో దులిపి వేసినాడు.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీరు మెసేజ్ పెట్టినారు గదా అక్కా," అన్నాడు. "ఏందని అడిగితే ఈమె చెప్పింది. ఎట్లున్నావు, ధైర్యంగా ఉండు, నేనున్నాను అని పెట్టినారంట. మా వాళ్లెవరికీ అంత తోచలేదు. ఆ ఒక్కరోజే ఈమె ఇంత అన్నం తినింది."

నేను ఆయన మొహంలోకి చూడలేకపోయినాను. కాళ్ల దగ్గర బత్తాయిల సంచి పెట్టి, సరే నాయనా అన్నాను. ఎందుకు సరే అన్నానో తెలియదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మంచం మీద పడుకుని, నా తిట్లు విని, ఆమె అప్పటికప్పుడు నా కోసం మంచి మాటలు కల్పించి చెప్పింది.

లోపల ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగం అయిపోయింది. వాళ్లమ్మ నాకు టీ ఇచ్చి బయటికి పోయింది. నేను బస్సులో అనుకున్న మాటలేవీ రాలేదు.

"తప్పయిపోయింది చెల్లీ," అన్నాను.

"నీకు తెలియదు గదక్కా."

"తెలియనిచ్చినానా?"

ఆమె మెల్లగా చెప్పింది. ఆ రోజు తెలుగులో చెప్పి ఉంటే ఏడుపు వచ్చేదంట, ఏడిస్తే ఇంకా భయపడిపోయేదంట. వంకాయ కూర గురించి చెప్తున్నంతసేపు ఏమీ కాలేదనిపించిందంట. ఇది నిజమో, మొగుడికి చెప్పినట్టే నాకూ నా మంచి కోసం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాను. అన్నీ తెలుగులోనే మాట్లాడుకున్నాం. ఆటోలో ఎట్ల పోయినారో, డాక్టరు ఏమన్నదో, ఆడపిల్లో మగపిల్లాడో అడగలేకపోయినానని, ఊరికే ఉండలేక వాళ్లమ్మ ఇల్లు అలుకుతూ ఉందని. నేను విన్నాను. మొగుడికి నిజం చెప్పేస్తాను, ఆ మెసేజ్‌లో నేనన్నది అది కాదని చెబుతాను అన్నాను.

"చెప్తే నీకు బరువు దిగుతది, ఆయనకు ఎక్కుతది. వద్దక్కా," అన్నది.

పోయేటప్పుడు ఆయన బస్సు దాకా బండి మీద దింపినాడు. దారిలో మా ఆయన దుకాణం గురించి అడిగినాడు, ఒక పాత మోటారు ఉంది తెస్తానన్నాడు. నేను ఊ కొట్టినాను.

మార్కాపురం వచ్చినాక లేడీ డాక్టరు దగ్గరికి పోయి, ఆ రోజు నాలుగింటికే తీసుకొచ్చి ఉంటే నిలిచేదా అని అడిగినాను. పేరు చెప్పలేదు. అంత రక్తం పోయినాక సామాన్యంగా ఆగదమ్మా అన్నది. ఆ మాట కోసమే పోయినాను, కానీ అది విన్నాక నాకేమీ తేలిక కాలేదు. నిలవకపోతే నిలవకపోనీ. చీకటి పడేదాకా ఆ ఇంట్లో ఆమె పక్కన ఒక మనిషి ఉండేది. నేను ఆటో మాట్లాడుకుని పోయి ఉండేదాన్ని.

క్లాసు మానేసినాను. సార్ ఫోన్ చేసి అడిగితే జరిగింది చెప్పినాను. ఈ పద్ధతి గురించి ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పి ఉండాల్సింది అన్నాడు. కాదు సార్, మీరు చెప్పినారు, నేనే వినలేదు అన్నాను.

గడువు వచ్చేసరికి కాల్స్ నేనే మాట్లాడినాను. బాగానే మాట్లాడినాను. ఒక కొనుగోలుదారు నీ ఇంగ్లీషు స్పష్టంగా ఉంది, ఎక్కడ నేర్చుకున్నావని అడిగినాడు. ఒక ఫ్రెండ్‌తో ఫోన్‌లో మాట్లాడి నేర్చుకున్నానని చెప్పినాను. ఓనరు పక్కనే కూర్చుని తల ఊపినాడు. ఆ నెల జీతం పెరిగింది. ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన మిఠాయి తెచ్చినాడు. నేను ఒక ముక్క తిన్నాను.

ఆమెతో ఫోన్ మానలేదు. తెలుగులోనే మాట్లాడేవాళ్లం. అట్ల చాలా నెలలు గడిచినాక ఒకరోజు, మళ్లీ ఇంగ్లీషు మొదలుపెడదామక్కా అన్నది. అదే స్కూలు వాళ్లు మళ్లీ రమ్మన్నారంట. నా వల్ల కాదన్నాను. ఇంకెవరినన్నా చూసుకో, సార్‌ను అడుగు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నీ దగ్గరైతే సిగ్గు లేదక్కా అన్నది. చివరికి ఒప్పుకున్నాను. ఎప్పుడంటే అప్పుడు తెలుగులోకి రావచ్చని, నేను దిద్దనని ముందే చెప్పినాను.

మొదటిరోజు ఆమె ఊరికే కబుర్లు చెప్పలేదు. "అక్కా, ఆ రోజు సంగతి చెప్తా. ఇంగ్లీషులో చెప్తా. తెలుగులో ఎవరికి చెప్పబోయినా ఏడుపొస్తోంది. పూర్తిగా ఒక్కసారి కూడా చెప్పలేదు," అన్నది.

చెప్పింది. పొద్దున నీళ్ల ట్యాంకరు వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. రెండు బిందెలు పట్టిందంట. నడుం నొప్పి అనిపించి కూర్చుందంట. కాలి దాకా తడి తగిలిందంట. నాకు ఫోన్ చేసిందని చెప్పింది, అందులో నన్నేమీ అనలేదు. ఫోన్ పెట్టేసినాక మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నానని చెప్పింది. కిటికీలో ఎండ పక్కింటి గోడ మీదికి పోయేదాకా దాన్నే చూసిందంట. ఏడవలేదు. మెల్లగా, ఆగి ఆగి, మాట తట్టనిచోట చుట్టూ తిప్పి చెప్పింది. గోడౌనులో పెట్టెల మధ్య నిలబడి విన్నాను. టీ చల్లారిపోయింది.

అయిపోయినాక ఆమె, "తప్పులు చాలా వచ్చినాయా అక్కా?" అని అడిగింది.

"నేను చూడలేదు," అన్నాను.

అది అబద్ధం. ఒక్కటీ వదలకుండా చూసినాను. హోల్డ్ అన్నచోట హెల్డ్ అనాల. సిట్ అన్నచోట శాట్ అనాల. ఆమె తన బిడ్డ పోయిన సంగతి చెప్తుంటే, నా నోరు ఊరుకుంది గానీ నా బుర్ర ప్రతి వాక్యం వెనకాల పరుగెత్తి దిద్దుతూనే ఉంది. ఆపాలనుకున్నాను, ఆగలేదు.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. యూకేజీ పిల్లలకు చెబుతుంది. పొద్దునే పోయి సాయంత్రం అలిసిపోయి వస్తది కాబట్టి ఇప్పుడు ఆదివారాలే మాట్లాడుకుంటాం, నోటికి ఏది వస్తే అందులో. మొగుడు మార్కాపురం వచ్చినప్పుడల్లా మా ఆయన దుకాణంలో కాసేపు కూర్చుని పోతాడు. పోయిన నెల కొత్త కందులు తెచ్చి ఇచ్చి, అక్కకు ఇవ్వమన్నాడంట. ఇద్దరం తిన్నా నెల రోజులు వచ్చేన్ని. ఈ ఆదివారం ఫోన్‌లో ఆ సంగతి ఎత్తి, ఇప్పుడన్నా ఆయనకు చెప్పనా అని అడిగినాను. ఆమె వద్దన్నది. పప్పు బాగా ఉడికిందా అని అడిగింది. ఉడికింది అన్నాను.